గోడౌన్ హీటర్ రిమోట్ ఎవరి చేతిలో ఉండాలి?

గోడౌన్‌కి హీటర్ కొనేది ఒకరు, దాని కింద నిలబడి రోజంతా పనిచేసేది ఇంకొకరు. ఈ ఒక్క సంగతి పట్టించుకోకపోవడం వల్లే నవంబర్‌లో వందల డాలర్లు పోసి కొన్న హీటర్లు జనవరి వచ్చేసరికి ఎవరికీ పనికిరాకుండా పోతున్నాయని నా గట్టి నమ్మకం. కొనేవాళ్లు వాట్లు చూస్తారు, ధర చూస్తారు, "ఇన్ని చదరపు అడుగులకు సరిపోతుంది" అని అట్టపెట్టె మీద రాసింది చూస్తారు. రిమోట్ ఉందా అంటే ఉంది, అంతటితో ఆ విషయం అయిపోతుంది. ఆ రిమోట్ ఎలాంటిది, ఎంత దూరం నుంచి పనిచేస్తుంది, గ్లౌజు వేసుకున్న వేలితో దాని బటన్ నొక్కగలమా, అన్నిటికంటే ముందు అది ఎవరి దగ్గర ఉండబోతోంది అని అడిగినవాళ్లు నాకు చాలా తక్కువమంది తగిలారు. ఒక చలికాలం గడిచాక మాత్రం అందరూ మాట్లాడేది వీటి గురించే. వాట్ల సంగతి ఎవరికీ గుర్తుండదు.

నేను ఉండేది న్యూజెర్సీ మధ్యభాగంలో. టర్న్‌పైక్ అనే టోల్ హైవే మీద ఎగ్జిట్ 8ఏ దగ్గర దిగితే క్రాన్‌బరీ, మన్రో, సౌత్ బ్రన్స్‌విక్ చుట్టుపక్కల ఎటు చూసినా గోడౌన్లే. లక్షల చదరపు అడుగుల షెడ్లున్న పెద్ద కంపెనీల గురించి నేను రాయడం లేదు, వాళ్లకు ఇంజినీర్లు ఉంటారు, బడ్జెట్లు ఉంటాయి. వాటి వెనక వీధుల్లో, పాత ఇండస్ట్రియల్ పార్కుల్లో, ఐదు వేలో పది వేలో చదరపు అడుగులు అద్దెకు తీసుకుని బియ్యం, పప్పులు, పచ్చళ్లు, స్టీలు సామాన్లు, పూజా సామగ్రి దింపుకుని ఎడిసన్‌లోనూ ఇసెలిన్‌లోనూ దుకాణాలకు పంపే మనవాళ్ల గోడౌన్ల గురించి నా బాధ. నేను పనిచేసేది కూడా అలాంటి చోటే, సరుకు రాకపోకలు చూస్తాను. పక్క గోడౌన్ల వాళ్లతో రోజూ మాటలు నడుస్తాయి, చలికాలం నాలుగు నెలలూ ఆ మాటల్లో హీటర్ ప్రస్తావన రాకుండా ఉండదు.

మనలో చాలామందికి గోడౌన్ అంటే రేకుల వేడి, చెమట, టేబుల్ ఫ్యాను. గుంటూరు మిర్చి వ్యాపారం తెలిసినవాళ్లకైతే సరుకు పాడవకుండా కోల్డ్ స్టోరేజీకి అద్దె కట్టడం తెలుసు. ఇక్కడ లెక్క మారిపోయింది. బియ్యం బస్తాకి చలి ఏమీ చేయదు, కందిపప్పుకి ఏమీ కాదు. కొబ్బరినూనె 76 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి వస్తే గడ్డకడుతుంది, దుకాణం వాళ్లు ఫోన్ చేసి అడుగుతారు, వేడి తగిలితే కరిగిపోతుందని చెబితే సరిపోతుంది. చలికి నిజంగా దెబ్బతినేది రెండే: మంట అంటుకుంటే నీళ్లు చిమ్మడానికి పైన నీళ్లు నిండి ఉండే స్ప్రింక్లర్ పైపులు, కింద పనిచేసే మనుషులు. పైపుల సంగతి చూసుకోవడానికి నిబంధన ఉంది. నీళ్ల పైపులతో నడిచే స్ప్రింక్లర్ ఉన్నచోట 40 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, అంటే దాదాపు 4 సెల్సియస్‌కి తగ్గనివ్వకూడదని, అగ్నిప్రమాదాల రక్షణకు ప్రమాణాలు రాసే ఎన్‌ఎఫ్‌పీఏ సంస్థ నియమాలు చెబుతాయి. బిల్డింగ్ ఓనర్లు లీజులోనే ఈ మాట రాయించుకుంటారు. దానికోసమే పైకప్పు కింద గ్యాస్‌తో నడిచే యూనిట్ హీటర్లు వేలాడుతుంటాయి.

మనుషుల సంగతికొస్తే అంత స్పష్టత లేదు. బ్రిటన్‌లో 1992 నాటి వర్క్‌ప్లేస్ నిబంధనల మార్గదర్శకంలో పనిచేసే చోట మామూలుగా 16 డిగ్రీల సెల్సియస్, ఒళ్లు వంచి చేసే బరువైన పని అయితే 13 డిగ్రీలు ఉండాలని అంకె వేసి చెప్పారు. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా అలాంటి అంకె వేసి నిబంధన పెట్టలేదు. ఆఫీసులకు 68 నుంచి 76 ఫారెన్‌హీట్ ఉంటే మంచిదని సలహా ఇస్తుంది, అంతే. కాబట్టి పైపులు పగలకుండా 45 దగ్గర పెట్టి, అదే చాలనుకునే గోడౌన్లు ఉన్నాయి. 45 అంటే సెల్సియస్‌లో 7. లంబసింగిలో డిసెంబర్ తెల్లవారుజామున మనం ఫొటోలు తీసుకుని మంట దగ్గరికి పరిగెత్తే చలి అది, అందులో ఒక మనిషి ఎనిమిది గంటలు నిలబడి డబ్బాలకు టేపు వేయాలి.

అక్కడే ఫ్యాన్ హీటర్ అవసరం పడుతుంది. ఇక్కడ మొదట ఒక భ్రమ తొలగాలి. ఫ్యాన్ హీటర్ గోడౌన్‌ని వేడి చేయదు. చేయలేదు కూడా. గోడకున్న మామూలు 120 వోల్టుల ప్లగ్గులో పెట్టే హీటర్ ఏదైనా సరే 1,500 వాట్లకు మించదు. ముప్పై డాలర్లదైనా రెండొందల డాలర్లదైనా ఇచ్చే వేడి గంటకు దాదాపు 5,100 బీటీయూలే (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం), ఎందుకంటే కాయిల్‌లోకి వెళ్లిన కరెంటు మొత్తం వేడిగానే మారుతుంది, అందులో ఒక కంపెనీ ఇంకో కంపెనీ కంటే గొప్పగా చేసేదేమీ లేదు. "తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి" అని ఎవరైనా రాస్తే ఆ పేజీ అక్కడితో మూసేయండి. తర్వాత 240 వోల్టుల మీద నడిచే, పైన బిగించే 5,000, 7,500, 10,000 వాట్ల రకాలు వస్తాయి. వీటి పెట్టెల మీద 500 చదరపు అడుగులు, 750, 1,000 అని రాసి ఉంటుంది. ఆ అంకెలు చదరపు అడుగుకి 10 వాట్ల చొప్పున వేసినవి. ఎనిమిది అడుగుల ఎత్తు, ఇన్సులేషన్ ఉన్న గోడలు, మూసి ఉన్న తలుపు ఉన్న గదికి ఆ లెక్క సరిపోతుంది. మన గోడౌన్ ఎత్తు ఇరవై అడుగుల పైమాటే. వేడిగాలి తిన్నగా పైకి పోయి కప్పు కింద చేరుతుంది, అక్కడ మనుషులెవరూ ఉండరు.

ఇక తలుపు. ఇది కాస్త నిదానంగా లెక్క వేసి చూపించాలి, ఎందుకంటే దీన్ని నమ్మనివాళ్లు చాలామంది. ట్రక్కు వెనక్కి వచ్చి ఆనే డాక్ తలుపు ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు అనుకుందాం. 80 చదరపు అడుగుల రంధ్రం. బయట గాలి గంటకు ఒక్క మైలు వేగంతో, అంటే ఆకు కూడా సరిగా కదలనంత నెమ్మదిగా లోపలికి వచ్చినా నిమిషానికి 7,040 ఘనపుటడుగుల చల్లగాలి లోపలికి దూరుతుంది. బయట 25 ఫారెన్‌హీట్, లోపల 55 ఉంచాలంటే, తేడా 30 డిగ్రీలు. గాలి ప్రవాహాన్ని, ఈ తేడాని, గాలి వేడి లెక్కకు వాడే 1.08 అనే గుణకాన్ని గుణిస్తే గంటకు 2 లక్షల 28 వేల బీటీయూలు. కిలోవాట్లలో 67. మీరు ఎంతో ఖర్చుపెట్టి బిగించిన 5 కిలోవాట్ల హీటర్లు పదమూడు పెట్టినా ఆ ఒక్క తలుపుకి చాలవు. అందుకే తలుపు చుట్టూ ట్రక్కుకి ఆనే ఫోమ్ సీల్ చిరిగిపోయి ఉంటే ముందు దానికి డబ్బు పెట్టండి, ప్లాస్టిక్ స్ట్రిప్ కర్టెన్ వేలాడదీయండి, తర్వాత హీటర్ సంగతి చూడండి. హీటర్ పని ఒక చిన్న జాగాని, మనిషి కదలకుండా నిలబడే ప్యాకింగ్ టేబుల్‌నో, బిల్లింగ్ కౌంటర్‌నో, వెచ్చగా ఉంచడం. ఆ జాగాకి మూడువైపులా ర్యాకులో, ప్లాస్టిక్ తెరలో అడ్డం ఉంటే ఇంకా మంచిది.

ఇంకో విషయం కొనేవాళ్లలో నూటికి తొంభైమందికి తెలియకుండానే పోతుంది. అమెరికాలో ఇళ్లకు వచ్చే కరెంటు 240 వోల్టులు. కమర్షియల్ బిల్డింగుల్లో చాలాచోట్ల త్రీ ఫేజ్ ఉంటుంది, అక్కడ రెండు ఫేజుల మధ్య దొరికేది 208 వోల్టులు. హీటర్ కాయిల్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 208 ని 240 తో భాగించి వర్గం చేస్తే 0.75. అంటే మీరు 5,000 వాట్లని కొన్న హీటర్ మీ గోడౌన్‌లో 3,750 వాట్లే ఇస్తుంది, 7,500 వాట్లది 5,600 చిల్లర ఇస్తుంది. చెడిపోలేదు, మోసం కూడా కాదు, ఇంటి గరాజ్ కోసం తయారైన వస్తువు గోడౌన్‌కి వచ్చింది. "మా ఇంటి గరాజ్‌లో ఇదే మోడల్ అదరగొడుతోంది, ఇక్కడ ఏంటిలా ఏడుస్తోంది" అని పక్క గోడౌన్ పెద్దాయన నన్ను అడిగితే, కరెంటు ప్యానెల్ తలుపు తీసి లోపల అతికించిన కాగితం మీద 208 వై 120 అని ఉన్నది చూపించాను. కొనే ముందు ఆ కాగితం చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. 208 మీద కూడా రేటింగ్ ఇచ్చిన హీటర్లు, 480 వోల్టులకు తయారైనవి విడిగా దొరుకుతాయి.

వైరింగ్ గురించి రెండు మాటలు చెప్పి వదిలేస్తాను. 240 మీద 5 కిలోవాట్ల హీటర్ దాదాపు 21 ఆంపియర్లు లాగుతుంది, గంటల తరబడి నడుస్తుంది కాబట్టి పాతిక శాతం కలిపి 30 ఆంపియర్ల బ్రేకరు, దానికి తగ్గ 10 గేజ్ రాగి వైరు వేయాలి. 10 కిలోవాట్లదైతే 60 ఆంపియర్ల బ్రేకరు దాకా పోతుంది. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ తీసుకునే డబ్బు చాలాసార్లు హీటర్ ధర కంటే ఎక్కువ. ఎక్స్‌టెన్షన్ వైరుతో మాత్రం నడపొద్దు. అట్టపెట్టెలు నిండిన చోట కాలే వైరు అంటే ఏమిటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు రిమోట్ దగ్గరికి వద్దాం.

ఇంట్లో రిమోట్ అంటే సోఫాలోంచి లేవకుండా ఉండటానికి. గోడౌన్‌లో అది నిచ్చెన ఎక్కకుండా ఉండటానికి. హీటర్ పది అడుగుల ఎత్తులో ఉంటుంది, ఉండాలి కూడా, కింద ఉంటే ఫోర్క్‌లిఫ్ట్ గుద్దుతుంది, ప్యాలెట్ ఆనుతుంది, అట్టలు దగ్గరికి చేరతాయి. అంత ఎత్తులో ఉన్నదానికి స్విచ్ దాని ఒంటి మీదే ఉంటే ఎవరో ఒకరు చిన్న నిచ్చెనో, అంతకంటే ఘోరంగా ప్యాలెట్ల దొంతరో ఎక్కుతారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మధ్యలో వేడి ఎక్కువైందని ఒకసారి. కాబట్టి రిమోట్‌ని నేను సౌకర్యాల లెక్కలో వేయను, భద్రత లెక్కలో వేస్తాను, దానికోసం ఎక్కువ డబ్బు పెట్టడం సబబే అంటాను.

కానీ అన్ని రిమోట్లూ ఒకటి కావు. ఎక్కువ మోడళ్లతో వచ్చేది టీవీ రిమోట్ లాంటిదే, కంటికి కనిపించని పరారుణ కాంతితో పనిచేస్తుంది, కాబట్టి హీటర్ మీదున్న చిన్న నల్ల కిటికీ మనకు కనిపించాలి. మధ్యలో బియ్యం బస్తాల ప్యాలెట్ ఉంటే సరి, పనిచేయదు. ఆ కిటికీ మీద అట్టల దుమ్ము పేరుకుంటే దగ్గర నుంచి నొక్కినా పలకదు, రిమోట్ పాడైందని కొత్తది తెప్పిస్తారు, తుడిస్తే పోయేది. ఒకే మోడల్ రెండు పక్కపక్కన పెడితే ఒక రిమోట్‌కి రెండూ పలుకుతాయి, ఒకటి ఆపబోతే రెండోది ఆగుతుంది లేదా ఒకటి ఆగి ఇంకోటి వెలుగుతుంది, సాయంత్రం తాళం వేసేటప్పుడు ఇది పెద్ద టెన్షన్. రేడియో సిగ్నల్‌తో పనిచేసే రిమోట్లు అడ్డాలు దాటి వెళ్తాయి, అవి దొరికితే నేను అటే మొగ్గుతాను. ఫోన్ యాప్‌తో నడిచేవి చూడటానికి బాగుంటాయి గానీ, ఇనుప ర్యాకుల మధ్య వైఫై అంతంతమాత్రం, పైగా యాప్ ఉండేది ఓనర్ ఫోన్‌లో. టేబుల్ దగ్గర చేతులు కొంకర్లు పోతున్న మనిషి ఆయనకు ఫోన్ చేసి "కాస్త హీటర్ వేయండి సార్" అని అడగాల్సి వస్తే ఇక ఆ హీటర్ ఎందుకు?

మా దగ్గర ప్యాకింగ్ చూసే ఒక అక్క ఉంది, తెనాలి వైపు మనిషి, చేతి వేగం చూస్తే ముచ్చటేస్తుంది. హీటర్ కొత్తగా బిగించినప్పుడు రిమోట్ ఆఫీసు గదిలో, టేబుల్ సొరుగులో పెట్టారు. ఆమె నాతో అన్న మాట ఇది: "తమ్ముడూ, చలి పుట్టేది నాకు, రిమోటేమో ఆఫీసు గదిలో. నేను పోయి అడిగితే అడిగినప్పుడల్లా వేస్తారు, కాదనను. కానీ రోజుకి ఎన్నిసార్లని అడగను?" అడగటానికి మొహమాటపడే మనిషి చలికి ఓర్చుకుంటుంది. మన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో, ఈ మొహమాటం ఎంత ఉంటుందో మనకు తెలియనిది కాదు. హీటర్ ఉన్నట్టు లెక్క, వెచ్చదనం మాత్రం అందదు. నేను ఓనర్ గారితో మాట్లాడి రిమోట్‌ని ప్యాకింగ్ టేబుల్ కాలికి కొక్కెం వేసి గొలుసుతో కట్టించాను. ఆ తర్వాత ఆ హీటర్ నడిచిన గంటలు పెరిగాయి, నిజమే. ఎవరికీ అక్కర్లేనప్పుడు, భోజనానికి వెళ్లినప్పుడు, అది ఆగి ఉండటం కూడా పెరిగింది, ఎందుకంటే ఆపడం ఇప్పుడు చేతిలో పని.

ఓనర్లు దీనికి చెప్పే అభ్యంతరం నాకు కంఠతా వచ్చు. "వాళ్ల చేతికిస్తే తొంభై డిగ్రీలు పెట్టి కూర్చుంటారు, బిల్లు ఎవరు కడతారు?" ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. తొంభై పెట్టేవాళ్లు ఉంటారు. ఎందుకు పెడతారో చూడాలి. ఒకటి, తొంభై పెడితే త్వరగా వేడెక్కుతుందనుకుంటారు. ఎక్కదు, థర్మోస్టాట్‌కి వేగం తెలియదు, ఎక్కడ ఆగాలో మాత్రమే తెలుసు. ఇది ఒకసారి చెబితే అర్థమవుతుంది. రెండు, సెన్సర్ హీటర్ ఒంట్లోనే ఉంటుంది. పది అడుగుల ఎత్తులో, తన వేడిలో తానే ఉన్న సెన్సర్‌కి 68 వచ్చేసినట్టు కనిపిస్తుంది, ఆగిపోతుంది, కింద టేబుల్ దగ్గర ఇంకా 54 ఉంటుంది. అప్పుడు కింద ఉన్న మనిషి అంకె పెంచుకుంటూ పోవడం తప్ప ఏం చేస్తుంది? ఉష్ణోగ్రత చూసే సెన్సర్ రిమోట్‌లోనో, టేబుల్ పక్క గోడకు బిగించిన కంట్రోల్‌లోనో ఉన్న మోడల్ తీసుకుంటే ఈ గొడవ సగం పోతుంది. నన్నడిగితే గోడౌన్ హీటర్‌లో అన్నిటికన్నా విలువైనది ఇదే, అయినా పెట్టె మీద దీన్ని ఎవరూ పెద్ద అక్షరాలతో రాయరు.

బిల్లు లెక్క కూడా వేసేద్దాం. యూనిట్ 18 సెంట్లు అనుకుంటే 5 కిలోవాట్ల హీటర్ ఆగకుండా గంట నడిస్తే 90 సెంట్లు, ఎనిమిది గంటలకు 7 డాలర్ల 20 సెంట్లు. న్యూజెర్సీలో 2025లో చాలామంది యజమానులకు వర్తించే కనీస వేతనం గంటకు 15 డాలర్ల 49 సెంట్లు. అంటే ఒక మనిషి అరగంట కూలి ఖర్చుతో ఆ టేబుల్ చుట్టూ ఉన్న ముగ్గురికీ రోజంతా వెచ్చదనం ఇవ్వొచ్చు, అదీ హీటర్ ఒక్క నిమిషం కూడా ఆగకుండా నడిస్తే. వేళ్ల చర్మం 15 సెల్సియస్ కిందికి చల్లబడితే వేళ్లలో పట్టు, చురుకు తగ్గిపోతాయి. టేపు అంచు వెతకడానికి గోరు తిరగదు, లేబుల్ వంకర పడుతుంది, గ్లౌజు తీసి పెట్టి తీసి పెట్టి సగం టైము పోతుంది. చల్లటి అట్ట మీద మామూలు టేపు సరిగా అతుక్కోదు కూడా. పొద్దున వేసిన టేపు సాయంత్రం ట్రక్కు ఎక్కించేసరికి పైకి లేచి ఉండటం చలికాలంలో చూసినవాళ్లకు తెలుసు, ఆ డబ్బా దుకాణానికి చేరేసరికి అడుగు ఊడి పప్పు ప్యాకెట్లు కిందపడితే ఆ ఫోన్ నాకొస్తుంది. వెచ్చదనం దయతో ఇచ్చేది అనుకునే ఓనర్లకు నేను ఈ లెక్కే చెబుతాను, అయినా లెక్క లేకపోయినా ఇవ్వాల్సిందే అని కూడా చెబుతాను.

బిల్లులో నిజంగా భయపడాల్సింది వేరే ఉంది. కమర్షియల్ టారిఫుల్లో చాలావాటిలో వాడిన యూనిట్లకే గాక, నెల మొత్తంలో ఒక పావుగంటో అరగంటో అత్యధికంగా లాగిన కిలోవాట్లకు కూడా వేరుగా చార్జి పడుతుంది. సోమవారం పొద్దున తాళం తీయగానే ఉన్న నాలుగు హీటర్లూ ఒకేసారి ఫుల్లులో పెడితే ఆ అరగంటే నెల బిల్లుని తేల్చేస్తుంది. టైమరు ఉన్న హీటర్లయితే ఒకటి ఆరున్నరకి, ఇంకోటి ఏడుకి వెలిగేలా పెట్టుకోవచ్చు. ఇది ఓనర్ చేతిలో ఉండాల్సిన పని, టేబుల్ దగ్గరి మనిషికి సంబంధం లేనిది. ఎవరి పని వాళ్ల దగ్గర ఉంటే గొడవే లేదు.

రిమోట్ వల్ల ఒరిగేది ఏమీ లేని సందర్భాలు కూడా ఉన్నాయి, వాటిని అమ్మేవాళ్లు చెప్పరు. హీటర్ మితిమీరి వేడెక్కితే లోపల ఒక రక్షణ స్విచ్ తెగి ఆపేస్తుంది. కొన్నిట్లో చల్లారాక అదే తిరిగి కలుస్తుంది, కొన్నిట్లో ఒంటి మీదున్న చిన్న రీసెట్ బటన్ చేత్తో నొక్కాలి. పది అడుగుల ఎత్తులో ఉన్న ఆ బటన్‌కి నిచ్చెన వేయక తప్పదు. అది మాటిమాటికీ తెగుతోందంటే గాలి లోపలికి పీల్చుకునే జాలీ మూసుకుపోయిందని అర్థం. మా గోడౌన్‌లో అది మూసుకుపోవడానికి అట్టల దుమ్ముతో పాటు ఇంకో కారణం ఉంది. ఒకసారి కారం బస్తా ఒకటి ఫోర్క్‌లిఫ్ట్ మొన తగిలి చిరిగింది, ఊడ్చాం, తుడిచాం, అయిపోయిందనుకున్నాం. మర్నాడు పొద్దున హీటర్ వేయగానే జాలీకి పట్టిన కారప్పొడి కాయిల్ మీదికి వెళ్లి కాలి, వేడిగాలితో కలిసి మొహాల మీదికి కొట్టింది. ముందు ఆ ఘాటు, ఆ వెంటనే అందరికీ తుమ్ములు, దగ్గు, కళ్లల్లో నీళ్లు, తలుపులన్నీ తీసి బయటికి వెళ్లాల్సి వచ్చింది. మసాలా గోడౌన్లు నడిపేవాళ్లు జాలీ సులభంగా ఊడివచ్చి వాక్యూమ్‌తో శుభ్రం చేసుకునే మోడలే తీసుకోవాలి, పొడుల ర్యాకుని దాని గాలి దారికి దూరంగా పెట్టాలి. కాయిల్ కూడా బయటికి కనిపించే తీగలా కాకుండా లోహపు గొట్టంలో మూసి, రెక్కలు అమర్చిన రకం అయితే దుమ్ము కాలడం తగ్గుతుంది, ఎక్కువకాలం మన్నుతుంది.

రెండో సందర్భం కరెంటు పోవడం. రిమోట్‌తో నడిచే ఎలక్ట్రానిక్ మోడళ్లు చాలావరకు కరెంటు పోయి వస్తే తమంతట తాము వెలగవు, స్టాండ్‌బైలో కూర్చుంటాయి. మనుషులున్న పగటిపూట అది మంచిదే, క్షేమం. కానీ స్ప్రింక్లర్ పైపులు గడ్డకట్టకుండా చూసే పని ఆ హీటర్‌కి అప్పగించి శనివారం రాత్రి తాళం వేసి వెళ్తే, మధ్యలో మంచు తుఫానుకి ఒక్క నిమిషం కరెంటు పోయినా సోమవారం పొద్దుటికి పైపు పగిలి సరుకంతా నీళ్లలో ఉండొచ్చు. ఆ పని గ్యాస్ హీటర్లదే, వాటి సర్వీసింగ్ సెప్టెంబర్‌లో చేయించాలి. అలాగే స్ప్రింక్లర్ తలకాయల్లో మామూలుగా కనిపించే ఎర్ర రంగు గాజు బల్బు 155 ఫారెన్‌హీట్‌కి పగిలి నీళ్లు వదులుతుంది. వేడిగాలి తిన్నగా వాటి మీదికి కొట్టేలా హీటర్ బిగించడం ప్రమాదం, ఆ నిబంధనలు తెలిసినవాళ్లని అడగకుండా కప్పుకి దగ్గరగా ఏదీ వేలాడదీయకండి. ఫోర్క్‌లిఫ్ట్ బ్యాటరీలు చార్జింగ్ పెట్టే మూలకి కూడా హీటర్ దూరంగా ఉండాలి, లెడ్ యాసిడ్ బ్యాటరీల నుంచి చార్జింగ్‌లో హైడ్రోజన్ వెలువడుతుంది.

రాత్రి ఆపేటప్పుడు కూడా ఒక పద్ధతి ఉంది. రిమోట్‌తో ఆపితే మంచి మోడళ్లలో ఫ్యాను ఇంకాసేపు తిరిగి కాయిల్‌లో మిగిలిన వేడిని బయటికి తోసి అప్పుడు ఆగుతుంది. ఇంటికెళ్లే హడావిడిలో బ్రేకర్ దింపేసి వెళ్తే ఆ వేడి లోపలే ఉండిపోయి రక్షణ స్విచ్ తెగుతుంది, మర్నాడు పొద్దున మళ్లీ నిచ్చెన. ఈ చిన్న సంగతి తాళం వేసే మనిషికి ఎవరూ చెప్పరు.

కరెంటు హీటర్ బదులు ప్రొపేన్‌తోనో కిరోసిన్‌తోనో నడిచే టార్పెడో హీటర్ తెస్తే పది రెట్లు వేడి చవగ్గా వస్తుంది కదా అనే మాట ప్రతి డిసెంబర్‌లో వింటాను. వేడి వస్తుంది. దాంతో పాటు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, ఒక కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నరకి పైగా నీటి ఆవిరి వస్తుంది, అది చల్లటి రేకుల మీద చెమ్మై అట్టల మీద కారుతుంది. కిరోసిన్ వాసన బియ్యానికీ పసుపుకీ పడితే ఆ సరుకు ఎవరూ కొనరు. తిండి సరుకు పెట్టుకున్నవాళ్లు మూసిన షెడ్డులో దాన్ని వెలిగించకూడదు, ఈ విషయంలో నా అభిప్రాయం మారదు. ఎప్పుడూ తెరిచి ఉండే డాక్ తలుపు పక్కన నిలబడి లెక్క రాసుకునే మనిషికి మాత్రం ఫ్యాన్ హీటర్ కంటే పైనుంచి ఎండలా తగిలే ఇన్‌ఫ్రారెడ్ ప్యానెల్ మేలు, అది గాలిని కాకుండా మనిషిని వేడి చేస్తుంది కాబట్టి గాలి కొట్టుకుపోయినా ఫర్వాలేదు. మా డాక్ దగ్గర అదే ఉంది.

ఇన్ని చెప్పాక, అమ్మేవాళ్లకు ఫోన్ చేసినప్పుడు నేను ఏం అడుగుతానో కూడా చెబుతాను. 208 వోల్టుల మీద ఎన్ని వాట్లు ఇస్తుంది? సెన్సర్ ఎక్కడుంది? రిమోట్ పోతే విడిగా దొరుకుతుందా, ఎంత? తక్కువ వేడి మీద పెట్టినప్పుడు ఫ్యాను వేగం కూడా తగ్గుతుందా? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, సగం వేడితో ఫుల్లు స్పీడుగా వచ్చే గోరువెచ్చని గాలి ఒంటికి తగిలితే చలే పుడుతుంది, అలాంటి హీటర్‌ని నాలుగు రోజుల్లో ఆపేస్తారు. చప్పుడు కూడా అడగాలి, దాని మోతలో ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కొస్తున్న బీప్ శబ్దం వినపడకపోతే మనుషుల ప్రాణం మీదికొస్తుంది. రిమోట్ బటన్లు పెద్దవిగా ఉన్నాయా అనేది ఫోన్‌లో తెలియదు, ఫొటో చూసి తేల్చుకోవాలి. నాణెం బ్యాటరీతో వచ్చే పల్చటి కార్డు రిమోట్ అయితే నేను వద్దంటాను, గ్లౌజు వేలికి ఆ బటన్లు అందవు, అట్టల కింద పడితే దొరకదు, ఆ బ్యాటరీ సమయానికి గోడౌన్‌లో ఎవరి దగ్గరా ఉండదు. మామూలు ట్రిపుల్ ఏ సెల్లులతో నడిచేదైతే రెండు అదనంగా టేబుల్ సొరుగులో వేసి ఉంచొచ్చు.

కొనే ముందు ఒక గంట ప్యాకింగ్ టేబుల్ దగ్గర మీరే నిలబడండి. జనవరిలో, పొద్దున ఏడింటికి, ట్రక్కు వచ్చి తలుపు తెరిచి ఉన్నప్పుడు. అక్కడ రోజూ పనిచేసేవాళ్లను గాలి ఎటువైపు నుంచి కొడుతుందో, చలి ముందు కాళ్లకు ఎక్కుతుందో చేతులకు ఎక్కుతుందో అడగండి. కాళ్లకు అయితే హీటర్‌తో పాటు సిమెంటు నేల మీద మందపాటి రబ్బరు మ్యాట్ కూడా వేయాలి, అది లేకుండా పైనుంచి ఎంత వేడి కొట్టినా పాదాలు జిల్లుమంటూనే ఉంటాయి. హీటర్ ఎక్కడ బిగించాలో వాళ్లతోనే చూపించుకుని, గోడ మీద సుద్దముక్కతో గుర్తుపెట్టి, అప్పుడు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. వేసవిలో అయితే వాళ్లు వెంటనే దొరుకుతారు. మొదటి మంచు పడ్డాక ఫోన్ చేస్తే రెండు మూడు వారాలు ఆగమంటారు, ఆ రెండు మూడు వారాలూ టేబుల్ దగ్గర నిలబడేది మనం కాదు.